కస్కరా కత్తుల మీది రాత చదవాలంటే

అందరికీ నమస్కారం.

సూడాన్ వాళ్ల సంప్రదాయ కత్తి పేరు కస్కరా. తిన్నగా, రెండు వైపులా పదునుతో, మీటరుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పిడి దగ్గర శిలువలా అడ్డకమ్మీ. అలుగులు, అంటే పిడి కాక మిగిలిన ఉక్కు భాగాలు, చాలావరకు జర్మనీలోని జోలింగెన్ నుంచి వచ్చినవి, లేదా సూడాన్‌లోనే కస్సలా లాంటి ఊళ్లలో కమ్మరులు కొట్టినవి. వాటి మీది అరబిక్ రాత గురించే ఇవాళ నా మాటలు.

రాత కనబడగానే చదవడానికి కూర్చోకండి. అసలది చదవడానికి రాసిందేనా? 1881లో సూడాన్‌లో మొదలైన మహ్దీ ఉద్యమంతో, అంటే మహ్దీ అనే మతనాయకుడి తిరుగుబాటుతో, ముడిపెట్టి చెప్పే కొన్ని అలుగుల నిండా యాసిడ్‌తో తీసిన సులుస్ అనే అలంకార అరబిక్ శైలి అక్షరాలు కిక్కిరిసి ఉంటాయి. ఒకే ముక్క పిడి నుంచి మొనదాకా మళ్లీ మళ్లీ వస్తుంది. అరబిక్ బాగా వచ్చినవాళ్లూ తల పట్టుకుంటారు. నన్నడిగితే అది తాయెత్తు లాంటిది, చదవకపోయినా పని చేస్తుందని నమ్మకం.

చదవదగ్గ రాతైతే తెలిసిన వాక్యాన్ని వెతకండి. ఇస్లామిక్ ఆయుధాల మీద తరచూ కనబడేది ఖురాన్ 61వ సూరా (అధ్యాయం)లోని 'నస్రుమ్ మినల్లాహి వ ఫత్‌హున్ ఖరీబ్': దేవుడి సాయం, దగ్గర్లోనే విజయం. సాద్ అక్షరపు కోల సున్న, దాన్ని అంటుకుని కిందికి జారే 'రా' తోక దొరికితే 'నస్ర్' చాలావరకు దొరికినట్టే. చుక్కల్ని మాత్రం నమ్ముకోవద్దు. బా, తా, నూన్, యా మాట మధ్యలో ఒకేలా ఉంటాయి, తేడా అంతా చుక్కల్లోనే. తోమితే ముందు పోయేవీ అవే. అందుకే పాలిష్ జోలికి పోకుండా, లైటును పక్కనుంచి ఏటవాలుగా వేయండి. అరిగిన గీత నీడలో తేలుతుంది.

ఇక తేదీ. హైదరాబాద్‌లో ఉర్దూ చదివినవాళ్లు అక్షరాలు సులువుగానే పట్టేస్తారు, అంకెల దగ్గరే తడబడతారు. అరబిక్ 4, 6 ఉర్దూలో రాసే తీరు కావు. 5 అచ్చం మన సున్నాలా ఉంటుంది, వాళ్ల సున్నా ఉత్త చుక్క. 1305 అనే ఏడాదిలో ఆ చుక్క అరిగిపోతే మన కంటికి 130 అనిపిస్తుంది!

ఈ తేదీలు హిజ్రీవి, అంటే ఇస్లామిక్ క్యాలెండర్‌వి. మహ్దీ సేనకు సూడాన్ రాజధాని ఖార్తూమ్ చిక్కిన 1885 జనవరి హిజ్రీ 1302లోకి వస్తుంది, మహ్దీ వర్గం బ్రిటిష్ సేన చేతిలో ఓడిన ఒమ్‌దుర్మాన్ యుద్ధం జరిగిన 1898 సెప్టెంబరు 1316లోకి. ఈ రెండు ఏళ్ల మధ్య తేదీ కత్తి మీద కనబడితే అమ్మేవాడి ముఖం వెలుగుతుంది, నాకు మాత్రం అనుమానమే ముందొస్తుంది. పాత అలుగు మీద కొత్త రాత చెక్కడం ఏమంత కష్టం కాదు. భూతద్దంతో తుప్పు గుంటల్ని చూడండి. తుప్పు గీతను తినేసిందా, లేక గీతే తుప్పు గుంటలోకి దిగి అవతల తేలిందా? రెండోదైతే, తుప్పు తర్వాతే రాత వచ్చింది.