జిల్లా పేజీ దాటని వార్త

సభాధ్యక్షులకు, పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాలకు పిలిచి, మీడియా – ప్రజాభిప్రాయం అనే అంశం ఇచ్చినందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు.

1968 అమెరికా అధ్యక్ష ఎన్నికల వేళ మెక్‌కూంబ్స్, షా అనే పరిశోధకులు చాపెల్‌హిల్‌లో ఓటు ఎవరికో ఇంకా తేల్చుకోని వంద మందిని ప్రశ్నించగా, వారు ముఖ్యమన్న సమస్యలూ, పత్రికలూ టీవీలూ పెద్దవి చేసిన సమస్యలూ దాదాపు ఒకే వరుసలో ఉన్నాయి. ఏమనుకోవాలో చెప్పలేకపోయినా, దేని గురించి అనుకోవాలో పత్రిక నిర్ణయించగలదన్నమాట. మనవాళ్లకు ఇది ముందే తెలుసు. 1922లోనే ఒద్దిరాజు సోదరులు ఇనుగుర్తి వంటి పల్లె నుంచి ‘తెనుగు’ పత్రిక నడిపారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి గారు వాదంతో సరిపెట్టక, 1934లో 354 మంది కవుల రచనలతో సంచికే తెచ్చారు. అచ్చులో లేనివారు లోకం లెక్కలో లేరని ఆయన గ్రహించారు.

ఇక నా బాధ చెప్పుకోనివ్వండి. నేను ఒక దినపత్రికకు లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన మేరకే డబ్బు తీసుకుని, వార్తలు రాశాను. 1997–98లో పత్తిని లద్దెపురుగు తినేసి, అప్పులపాలైన రైతులు అదే పురుగుమందు తాగుతున్న రోజులవి. అలాంటి ఒక మరణం గురించి నేను పంపిన వార్త జిల్లా అనుబంధంలో, అంటే ఆ జిల్లాలోనే పంచే విడి పేజీల్లో, లోపలి పేజీలో, సింగిల్ కాలమ్‌లో వచ్చింది. దాని పక్కనే పురుగుమందుల ప్రకటన, నిండు పచ్చని చేనుతో, పావు పేజీ. జిల్లా పేజీలు వచ్చాక మన ఊరి మోరీ, మన బడి పత్రికకెక్కాయి, కాదనను. కానీ వరంగల్‌లో అచ్చయిన ఆ చావు కరీంనగర్ పాఠకుడికి కూడా కనిపించలేదు, సచివాలయం సంగతి సరేసరి. మరణాలు పెరిగిపోయాకే మెయిన్ పేజీకి కదిలాయి. ప్రకటనలు తెచ్చే బాధ్యత కూడా విలేకరి మీదే పెడితే, ఆ పావు పేజీ ప్రకటన ఇచ్చినవారి మీద అతడు ఏం రాయగలడు?

విద్యార్థులారా, ఒక పని చేయండి. మన వరంగల్ ఏనుమాముల మార్కెట్లో మిర్చి ధర పడిపోయిన రోజున హైదరాబాద్ సంచికనూ, మన సంచికనూ పక్కపక్కన పరచి, ఆ వార్త ఎక్కడుందో, ఎంతుందో స్కేలుతో కొలవండి. పెద్దలను కోరేది వేరే: మీ అటకల మీద ఆనాటి జిల్లా అనుబంధాల కట్టలు మిగిలి ఉంటే పాతపేపర్ల వాడికి వేయకండి, ఈ గ్రంథాలయానికి ఇవ్వండి.