సొంత ఇంట్లోనే పెద్దతనం: బృందాన్ని నడిపేవాళ్ల గురించి

శ్రోతలకు నమస్కారం.

వయసు పైబడినవాళ్లను "మీకు ఎక్కడ ఉండాలనుంది?" అని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే: మా ఇంట్లోనే. అలవాటైన గది, చీకట్లోనూ చేతికి తగిలే స్విచ్చు, పేరుపెట్టి పలకరించే పక్కింటివాళ్లు. వీటిని వదిలేసి రమ్మనడం తేలికే, వదిలి వెళ్లేవాళ్లకు మాత్రం చాలా కష్టం. అయితే ఇంట్లోనే ఉండాలంటే ధైర్యం ఒక్కటే సరిపోదు. మాడిపోయిన బల్బు మార్చేవాళ్లు ఉండాలి. డాక్టరు దగ్గరికి తోడు వెళ్లేవాళ్లు ఉండాలి. ఫోన్‌లో ఏదో మెసేజ్ వచ్చి టెన్షన్ పెడితే, అది నిజమో మోసమో చూసి చెప్పేవాళ్లు ఉండాలి. పిల్లలు దూరాన ఉన్నా, దగ్గరే ఉండి ఉద్యోగాలతో తీరిక లేకపోయినా, ఈ చిన్న పనులే పెద్దవాళ్లను ఇల్లు ఖాళీ చేసేదాకా తెస్తాయి.

ఈ పనులు చేసిపెట్టడానికి ఇరుగుపొరుగు కలిసి పెట్టుకునే స్వచ్ఛంద బృందాలు చాలా దేశాల్లో ఉన్నాయి. ఈ రోజు నేను మాట్లాడాలనుకున్నది ఆ బృందాలను జీతం లేకుండా నడిపేవాళ్ల గురించి. సాయం చేసేవాళ్లను మనం మెచ్చుకుంటాం. ఆ సాయం రేపు కూడా, వచ్చే ఏడాది కూడా అందేలా చూసేవాళ్లు మన కంటికి ఆనరు. బృందం నిలబడినా, మూతపడినా వాళ్లు పనిని పంచే తీరులోనే ఉందని నా గట్టి నమ్మకం.

ఈ అవసరం ఎంత పెద్దదో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలు చెబుతాయి. 2030 నాటికి ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు 60 ఏళ్లు దాటినవాళ్లు అవుతారు. 80 ఏళ్లు దాటినవాళ్ల సంఖ్య 2020 నుంచి 2050 లోపు మూడింతలై దాదాపు 42 కోట్ల 60 లక్షలకు చేరుతుందని అంచనా. అందుకే 2021 నుంచి 2030 వరకు ఐక్యరాజ్యసమితి ఆరోగ్యకరమైన వృద్ధాప్యానికి ఒక దశాబ్దాన్నే కేటాయించింది. ప్రభుత్వాలు పింఛన్లు ఇవ్వగలవు, ఆసుపత్రులు కట్టగలవు. సాయంత్రం ఆరింటికి ఒక పెద్దావిడ ఒంటరిగా కూర్చుని ఉంటే వెళ్లి తలుపు తట్టేది మాత్రం పక్క వీధి మనిషే.

అమెరికాలోని బోస్టన్ నగరంలో బీకన్ హిల్ అనే పాత పేట ఉంది. అక్కడ ఏళ్ల తరబడి ఉంటున్న కొందరు పెద్దలకు ఇళ్లు వదిలి వృద్ధుల నివాసాలకు వెళ్లడం ఇష్టం లేకపోయింది. ఎవరో వచ్చి ఏదో చేస్తారని వాళ్లు ఎదురుచూడలేదు. తమలో తాము మాట్లాడుకుని బీకన్ హిల్ విలేజ్ అనే సంఘం పెట్టుకున్నారు. 2002లో అది సభ్యులకు సేవలు మొదలుపెట్టింది. సభ్యులు ఏటా చందా కడతారు, ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు ఆ చందా తగ్గిస్తారు. బయటికి వెళ్లడానికి బండి కావాలన్నా, కుళాయి బాగుచేయించాలన్నా, నలుగురితో కాసేపు గడపాలనిపించినా ఫోన్ చేయాల్సింది ఒక్క చోటికే. కొన్ని పనులు వాలంటీర్లు చేస్తారు, కొన్నింటికి నమ్మకమైన పనివాళ్లను కుదిరిస్తారు. ఈ పద్ధతి మిగతా ఊళ్లకూ పాకింది. అలాంటి సంఘాలన్నిటినీ కలిపే విలేజ్ టు విలేజ్ నెట్‌వర్క్ 2010లో ఏర్పడింది.

ఇందులో గమనించాల్సింది, నిర్ణయాలు పెద్దవాళ్లే తీసుకున్నారన్నది. ఏ సాయం ముందు, ఏది తర్వాత, చందా ఎంత, అన్నీ వాళ్లే తేల్చుకున్నారు. వృద్ధుల కోసం బృందం పెట్టేవాళ్లు చాలాచోట్ల ఇదే మరిచిపోతారు. కమిటీలో అందరూ నలభై ఏళ్లవాళ్లే ఉంటారు, పెద్దవాళ్లకు ఏం కావాలో వాళ్లే ఊహించేస్తారు. యోగా క్లాసు పెడదాం అంటారు. అసలు ఆ పెద్దాయనకు కావలసింది మెట్ల పక్కన పట్టుకోవడానికి ఒక కమ్మీ.

ఇక మొహమాటం సంగతి. జీవితమంతా పదిమందికి పెట్టిన చెయ్యి ఇప్పుడు ఒకరి ముందు చాచాలంటే మనసు ఒప్పదు. "ఏం ఫర్వాలేదు బాబూ, నేనే చూసుకుంటాను" అంటారు. ఆ మాట నమ్మి వెనక్కి వచ్చేస్తే ఆ ఇంటికి మళ్లీ వెళ్లడం కుదరదు. అనుభవం ఉన్నవాళ్లు "మీకేం కావాలి?" అని అడగరు. "గురువారం మార్కెట్‌కు వెళుతున్నాను, మీకేమైనా తీసుకురానా?" అంటారు. ఇంకో మార్గం, వాళ్ల దగ్గర కూడా ఏదో ఒకటి తీసుకోవడం. 1973లో జపాన్‌లో తెరుకో మిజుషిమా అనే ఆవిడ ఒసాకాలో ఒక స్వచ్ఛంద శ్రమ బ్యాంకు మొదలుపెట్టారు. ఈ రోజు నువ్వు ఒకరికి గంట సాయం చేస్తే ఆ గంట నీ పేరున జమ అవుతుంది, నీకు అవసరమైనప్పుడు ఇంకొకరి నుంచి గంట సాయం తీసుకోవచ్చు. గంటల లెక్క పెట్టాలా వద్దా అన్నది ఆయా బృందాల ఇష్టం. మంచం దిగలేని పెద్దావిడ కూడా రోజూ పొద్దున నలుగురికి ఫోన్ చేసి బాగోగులు అడగగలరు. ఆ పని ఆవిడకు అప్పగించి చూడండి. సాయం అందుకునే మనిషి సాయం చేసే మనిషి కూడా అయితే ఆ ఇంట్లో మొహమాటం చాలావరకు తగ్గిపోతుంది.

ఇప్పుడు నడిపేవాళ్ల రోజువారీ పనికి వద్దాం. ఫోన్ మోగుతుంది. మంగళవారం పదింటికి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి, తోడు కావాలి అంటారు ఒక పెద్దావిడ. సమన్వయం చేసే మనిషి ముందు అడగాల్సినవి ఉన్నాయి. నడవగలరా, చేతికర్రా, చక్రాల కుర్చీయా? లోపలికి కూడా తోడు రావాలా, బయట కూర్చుంటే చాలా? కంట్లో చుక్కలు వేస్తే తిరిగి వచ్చేటప్పుడు చూపు మసకగా ఉంటుంది కాబట్టి ఇంటి లోపలి దాకా దిగబెట్టాలి. వాలంటీరు ఎవరో, వాళ్ల బండిలోకి ఆవిడ ఎక్కగలరో లేదో చూసుకోవాలి. ముందురోజు సాయంత్రం ఇద్దరికీ ఫోన్ చేసి ఖాయం చేయాలి. పని అయ్యాక మళ్లీ ఇద్దరినీ పలకరించాలి. ఇంత ఉంది ఒక్క ప్రయాణం వెనక.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. రాలేమని ముందే చెబితే పెద్దవాళ్లు అర్థం చేసుకుంటారు. వస్తామని చెప్పి రాకపోతే మాత్రం వాళ్లకు కలిగే బాధ చాలా పెద్దది. పొద్దున్నే తయారై, చెప్పులు వేసుకుని, గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని గంటసేపు ఎదురుచూసినవాళ్లు మళ్లీ ఫోన్ చేయరు. కాబట్టి ఒప్పుకున్న ప్రతి పనికీ ఇంకో మనిషి పేరు సిద్ధంగా ఉంచుకోవాలి. ఎవరూ దొరక్కపోతే "ఈసారి కుదరదండీ" అని ఆ రోజే చెప్పెయ్యాలి. కాదనడం నేర్చుకోని నాయకులు మంచితనంతోనే బృందం పరువు తీస్తారు.

ఏ పనులు చేయకూడదో కూడా రాసి పెట్టుకోవాలి. మందుల మోతాదు మార్చడం, ఇంజెక్షన్ ఇవ్వడం, శిక్షణ లేకుండా పడిపోయిన మనిషిని లేపడం మన పని కాదు. వాళ్ల ఏటీఎం కార్డు, పిన్ నంబరు, ఓటీపీ ముట్టుకోకూడదు. అప్పు ఇవ్వడం, తీసుకోవడం ఉండకూడదు. విలువైన కానుకలు పుచ్చుకోకూడదు, వీలునామా కాగితాల జోలికి వెళ్లకూడదు. కొత్త వాలంటీరును ఒంటరిగా పంపకండి. వాళ్లు ఎవరో, ఎక్కడుంటారో, వాళ్ల గురించి తెలిసినవాళ్లు ఏమంటారో విచారించండి, మొదట్లో పాతవాళ్లతో కలిసి వెళ్లనివ్వండి. 60 దాటినవాళ్లలో ఆరుగురిలో ఒకరు ఒక ఏడాదిలో ఏదో ఒక రకమైన వేధింపుకు గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అందులో డబ్బు కాజేయడం కూడా ఒకటి. ఇలాంటి నియమాలు అనుమానంతో పెట్టినవి అనుకోవద్దు, పెద్దవాళ్లనూ వాలంటీర్లనూ కూడా ఇవే కాపాడతాయి. ఇంకొకటి, ఒక ఇంట్లో విన్న మాట ఇంకో ఇంట్లో అనకూడదు. కొడుకుతో మాటలు లేవనో, రాత్రి పక్క తడుస్తోందనో ఒక పెద్దాయన నోరు విప్పి చెప్పారంటే ఎంత నమ్మి చెప్పారో ఆలోచించండి.

పడిపోవడం గురించి కొంచెం చెబుతాను. ప్రపంచంలో ఏటా దాదాపు 6 లక్షల 84 వేల మంది పడిపోవడం వల్లే చనిపోతున్నారని అంచనా. అందులో ఎక్కువమంది 60 దాటినవాళ్లే. బృందం మొదటి నెలలోనే ఇంటింటికీ వెళ్లి స్నానాలగదిలో పట్టుకోవడానికి కమ్మీ ఉందా, మంచం నుంచి అక్కడికి దారిలో రాత్రి వెలుగు ఉందా, కాలికి తగిలే వైర్లు, జారే కాళ్లపట్టాలు ఉన్నాయా అని చూస్తే చాలు, పెద్ద ఖర్చు లేకుండానే చాలా ప్రమాదం తప్పుతుంది. ఇంటివాళ్లను అడిగే ఏదైనా కదపండి. వాళ్ల ఇల్లు అది.

ఒంటరిగా ఉండేవాళ్లకు రోజూ ఒక ఫోన్ అన్నది మంచి ఏర్పాటు. అయితే ఫోన్ ఎత్తకపోతే ఏం చేయాలో ముందే ఖాయం చేసుకోవాలి. పావుగంట ఆగి మళ్లీ ఫోన్. అప్పటికీ ఎత్తకపోతే పక్కింటివాళ్లకు. తలుపు తీయకపోతే తాళంచెవి ఉన్న మనిషికి, ఆ వెంటనే కుటుంబానికి. ఎవరి దగ్గర ఎవరి తాళంచెవి ఉందో పుస్తకంలో రాసి ఉండాలి. వేసుకునే మందులు, పడని మందులు, డాక్టరు నంబరు, పిల్లల నంబర్లు రాసిన కాగితం ఇంట్లో అందరికీ కనిపించే చోట అంటించి ఉంచితే అంబులెన్సు వచ్చినప్పుడు వెతుకులాట ఉండదు.

ఇంతా చెప్పాక, నన్ను ఎక్కువ కలవరపెట్టే విషయానికి వస్తాను. ఇలాంటి బృందాలు చాలావరకు డబ్బు లేక ఆగిపోవు. ఒక్క మనిషి అలసిపోయి ఆగిపోతాయి. మొదలుపెట్టిన ఆవిడే ఫోన్లు ఎత్తుతుంది, ఆవిడే మనుషులను కుదురుస్తుంది, ఎవరూ రాకపోతే ఆవిడే వెళుతుంది. అందరి నంబర్లూ ఆవిడ ఫోన్‌లోనే ఉంటాయి. ఏ పెద్దాయనకు ఏ చెవి వినపడదో ఆవిడకే తెలుసు. ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయిన నెలలో బృందం మొత్తం చతికిలబడుతుంది. పైగా ఇలాంటి బృందాలు నడిపేవాళ్లలో చాలామంది రిటైరైనవాళ్లే, నేడో రేపో వాళ్లకే సాయం కావలసిన వయసు.

జపాన్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. అక్కడ మిన్సెయి ఇయిన్ అని పేటపేటకూ సంక్షేమ స్వచ్ఛంద ప్రతినిధులు ఉంటారు. దీని మూలాలు 1917లో ఒకాయామా ప్రాంతంలో మొదలైన ఏర్పాటులో ఉన్నాయి. దేశమంతటా రెండు లక్షల పైచిలుకు మంది, జీతం లేదు, ప్రభుత్వమే నియమిస్తుంది. ఒంటరి వృద్ధుల బాగోగులు చూడటం వాళ్ల పనుల్లో ముఖ్యమైనది. విన్న విషయాలు బయట పెట్టకూడదని చట్టమే చెబుతోంది. పదవీకాలం మూడేళ్లు. ఇంత పాత, ఇంత పటిష్ఠమైన ఏర్పాటుకు కూడా ఇప్పుడు ఒక కష్టం వచ్చింది. ఉన్నవాళ్లకు వయసు మీద పడుతోంది, వాళ్ల చోట నిలబడటానికి కొత్తవాళ్లు చాలినంతమంది దొరకడం లేదు. చట్టం అండగా ఉన్నచోటే ఇలా ఉంటే, పది ఇళ్ల బృందం వారసుల గురించి మొదటి రోజు నుంచే ఆలోచించాలి కదా.

అందుకు నాకు తోచినవి చెబుతాను. ఫోన్ బాధ్యత వారానికి ఒకరు తీసుకోవాలి. వివరాలు ఒకరి ఫోన్‌లో కాకుండా, బాధ్యత ఉన్న ఇద్దరు ముగ్గురు చూడగలిగే పుస్తకంలోనో ఫైల్‌లోనో ఉండాలి. ప్రతి పనికీ ఒక సహాయకుడు ఉండాలి, ఏడాదిలో ఒక నెల పూర్తిగా అతనే నడిపి చూడాలి. పదవికి గడువు ఉండాలి. గడువు అయ్యాక తప్పుకున్నవాళ్లను వదిలేసినవాళ్లలా చూడకూడదు. కొత్తవాళ్లను అడిగేటప్పుడు "కమిటీలోకి రండి" అంటే భయపడతారు. "నెలకు రెండు శనివారాలు, రెండేసి గంటలు" అని కొలిచి చెబితే కాలేజీ పిల్లలూ వస్తారు, ఉద్యోగాలు చేసేవాళ్లూ వస్తారు.

కష్టమైన రోజులు కూడా వస్తాయి. మతిమరుపు ముదిరి స్టవ్ ఆర్పడం మరిచిపోతున్నారు, రాత్రిపూట బయటికి వెళ్లిపోతున్నారు అంటే ఇక వాలంటీర్ల సాయం చాలదు. అప్పుడు కుటుంబంతో, డాక్టరుతో ఆ మాట సూటిగా చెప్పే బాధ్యత నాయకుడిదే. అలాంటి ఇంట్లో భార్యకో భర్తకో సేవ చేస్తూ నిద్రలేని మనిషి ఒకరు ఉంటారు. వారానికి రెండు గంటలు మీ వాలంటీరు అక్కడ కూర్చుంటే వాళ్లు బయటి గాలి పీల్చుకుని వస్తారు. ఎప్పటికైనా నర్సింగ్ సేవలు అవసరమైతే ఇల్లు వదలాల్సి రావచ్చు. అప్పుడు కూడా కొత్త చోటికి వెళ్లి పలకరించే మనిషి ఈ బృందంలో ఒకరు ఉండాలి.

ఈ మాటలు వింటూ మన వీధిలోనూ మొదలుపెడదాం అనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే, పెద్ద పేరు, లెటర్‌హెడ్ తర్వాత చూసుకోవచ్చు. దగ్గరలో ఉన్న పది ఇళ్లు ఎంచుకోండి. ఆ ఇళ్ల పెద్దలనే పిలిచి, వాళ్లనే ముందు మాట్లాడనివ్వండి. మూడు నెలల పాటు ఒకే ఒక్క పని, డాక్టరు దగ్గరికి తోడు వెళ్లడమో రోజూ ఫోన్ చేయడమో, తప్పకుండా చేయండి. మొదటి సమావేశంలో అధ్యక్షుడి పేరు రాసిన కాగితం మీదే, ఆయన లేని రోజున ఫోన్ ఎత్తే మనిషి పేరు కూడా రాసుకోండి.

సెలవు.