కారకపోతే చాలదు: ఆహార, ఔషధ పరిశ్రమల పైపు జోడింపుల్లో గ్యాస్కెట్

సభకు నమస్కారం. పరవాడ, గాజువాక, అచ్యుతాపురం నుంచి షిఫ్టు ముగించుకుని నేరుగా ఇక్కడికి వచ్చిన ఫిట్టర్లు, ఆపరేటర్లు, నాణ్యతా విభాగం వారు నా ముందు కూర్చున్నారు. మీరు రోజూ చేత్తో పట్టుకునే వస్తువు గురించే మాట్లాడబోతున్నాను కనుక ఉపోద్ఘాతం పెంచను. ఈ బల్ల మీద మూడు గ్యాస్కెట్లు, అంటే పైపుల జోడింపులో వేసే రబ్బరు రింగులు ఉన్నాయి. ఒకటి కొత్తది. రెండోది ఆవిరి వెళ్లే లైనులో నెలల తరబడి పనిచేసినది. మూడోది నెయ్యి లైనులో పొరపాటున వేసినది. విశాఖపట్నం చుట్టుపక్కల మందులు, పాలు, రొయ్యలు తయారై ఊళ్లకూ దేశాలకూ వెళుతున్నంత కాలం ఈ రింగుల తేడా మనకు తెలిసి ఉండాలి.

ఇంట్లో కుళాయి వాషరుకు ఉన్న పని ఒక్కటే, నీరు కారకుండా ఆపడం. ఆహారమో మందో పారే పైపులో గ్యాస్కెట్‌కు దానితోపాటు ఇంకో పని ఉంది, లోపల ఏదీ నిలవకుండా చూడడం. మొదటి పని చెడితే నేల మీద చుక్క పడుతుంది, ఎవరో ఒకరు చూసి కేకేస్తారు, వెంటనే బాగుచేస్తారు. రెండో పని చెడితే బయటికి ఏమీ తెలియదు. పప్పు వండిన కుక్కరు మూతను రింగు తీయకుండా కడిగితే మర్నాటికి ఆ గాడిలోంచి ఏ వాసన వస్తుందో మనందరికీ తెలుసు; అందుకే ఇళ్లలో రింగు ఊడదీసి, గాడిని వేలితో తోమి కడుగుతారు. ప్లాంటులో ఉన్న వందల జోడింపులను రోజూ ఊడదీయలేము కనుక, ఒకటి రెండు శాతం కాస్టిక్ సోడా కలిపిన నీటిని 70, 80 డిగ్రీల వేడిలో పైపుల గుండానే తిప్పి కడుగుతాం. సీఐపీ అని మనం రోజూ అనే పని ఇదే. అయితే ఆ నీరు ఒరుసుకుంటూ పోయిన చోటు మాత్రమే శుభ్రపడుతుంది, ఒరుసుకోని సందు అలాగే ఉండిపోతుంది. గిన్నెడు పాలు తోడుకోవడానికి చెంచాడు పెరుగు చాలు. సందులో మిగిలిన పాల చుక్క మర్నాటి బ్యాచ్‌కు తోడు వేసినట్టే.

ఈ కారణంగానే మరలు ఉన్న మామూలు పైపు జోడింపును మన లైన్లలోకి రానివ్వరు. ఒక్కొక్క మర ఒక్కొక్క సందు. దాని బదులు ట్రైక్లాంప్ అనే జోడింపు వాడతాం. అందులో పైపు చివరలకు వెల్డు చేసిన రెండు ఫెర్రూళ్లు, అంటే వెడల్పు అంచు ఉన్న చిన్న గొట్టాలు, వాటి మధ్య గాడిలో కూర్చునే గ్యాస్కెట్, బయట బిగించే క్లాంపు ఉంటాయి. మర ఉన్న నట్టు బయటే ఉంటుంది, పదార్థాన్ని తాకదు. గ్యాస్కెట్ లోపలి అంచు పైపు లోపలి గోడతో సమంగా నిలవాలి. ఈ సమానత్వమే అసలు విషయం. 1997లో మొదట వెలువడిన ఏఎస్ఎంఈ బీపీఈ (అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం బయోప్రాసెసింగ్ పరికరాలకు రాసిన) ప్రమాణం గ్యాస్కెట్లను తరగతులుగా విడదీసి, లోపలికి పొడుచుకు రావడానికైనా వెనక్కి తగ్గడానికైనా కఠినమైన తరగతికి 0.2 మిల్లీమీటర్ల హద్దు పెట్టింది. అంటే రెండు మూడు కాగితాల మందం.

చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక పాల కర్మాగారంలో లస్సీ గడువు తేదీకి ముందే పుల్లబడడం మొదలైంది. సీఐపీ వేడి, సమయం, సోడా గాఢత అన్నీ రికార్డులో సరిగ్గానే ఉన్నాయి. ట్యాంకుల లోపల దూదితో తుడిచి పరీక్షకు పంపిన స్వాబులు శుభ్రంగానే వచ్చాయి. చివరికి పంపు దాటాక ఉన్న ఒక జోడింపును విప్పించాను. చుక్క నీరు కారని జోడింపు అది. విప్పగానే పుల్లటి వాసన ముక్కుకు తగిలింది. గ్యాస్కెట్ లోపలి అంచు పెదవిలా ఉబ్బి పైపులోకి వచ్చింది, ఆ పెదవి వెనుక, ప్రవాహం నీడ పడే వైపు, గోటికి అంటుకునే పచ్చటి జిడ్డు పేరుకుంది. ఎప్పుడో ఒకసారి అక్కడ చుక్క కనబడితే మా మేస్త్రీ గారు క్లాంపు నట్టు రెక్కలకు పైపు ముక్క తగిలించి మరీ గట్టిగా బిగించారట. "ఇప్పుడు కారట్లేదు కదండీ" అన్నారు ఆయన. ఆయనది నిర్లక్ష్యం కాదు, చేతనైనంత గట్టిగా పనిచేశారు. తప్పు మాది. చుక్క ఆగితే పని అయిపోయిందని ఆయనకు నేర్పింది మేమే. కారుతున్న జోడింపుకు మందు బిగింపు కాదు, కొత్త గ్యాస్కెట్. అదీ తయారీదారు చెప్పిన టార్కుకే, అంటే తిప్పే బలానికే బిగించాలి.

బిగింపు సరిగ్గా ఉన్నా వేడి వల్ల ఇదే జరగవచ్చు. రబ్బరు వేడికి స్టీలు కంటే దాదాపు పది రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది. పైగా నొక్కితే దాని ఘనపరిమాణం తగ్గదు, ఒకచోట నొక్కితే మరోచోటికి జరుగుతుంది. 121 డిగ్రీల ఆవిరితో లైనును స్టెరిలైజ్ చేసినప్పుడు, అంటే సూక్ష్మజీవులు మిగలకుండా చేసినప్పుడు, రెండు ఫెర్రూళ్ల మధ్య ఇరుక్కున్న రబ్బరుకు జరగడానికి మిగిలిన చోటు పైపు లోపలే. చల్లారాక అది వెనక్కి రావాలి. పాతబడి సాగే గుణం పోయిన రబ్బరు పూర్తిగా రాదు, అంచు వెంబడి వెంట్రుకంత సందు మిగులుతుంది. ఇక్కడ ఔషధ పరిశ్రమ వారు మరొకటి గమనించాలి. ఆవిరి నీరయినప్పుడు లోపల శూన్యం ఏర్పడుతుంది, స్టెరైల్ గాలి వెంటనే అందకపోతే ఆ సందు గుండా బయటి గాలి లోపలికి పోతుంది. లోపలి పదార్థాన్ని బయటికి పోనివ్వని జోడింపు బయటి గాలిని లోపలికి రానివ్వగలదు.

కొలతల్లో ఒక ఉచ్చు ఉంది. ట్రైక్లాంప్‌లో అంగుళం పైపుకూ ఒకటిన్నర అంగుళం పైపుకూ ఫెర్రూల్ బయటి వ్యాసం ఒక్కటే, 50.5 మిల్లీమీటర్లు. కాబట్టి అంగుళం గ్యాస్కెట్ ఒకటిన్నర అంగుళం లైనులో చక్కగా కూర్చుంటుంది, క్లాంపు పడుతుంది, కారదు. లోపల మాత్రం చుట్టూ ఆరు మిల్లీమీటర్ల గట్టు కట్టినట్టవుతుంది. అటూ ఇటూ మారి పెద్ద గ్యాస్కెట్ చిన్న లైనులో పడితే చుట్టూ గుంట మిగులుతుంది. స్టోర్లో ఈ రెండు సైజులూ ఒకే డబ్బాలో ఉంటే రేపే వేరు చేయండి.

ఇక రబ్బరు ఎంపిక. అన్నిటికీ పనికొచ్చే రబ్బరు లేదు. పాలకు, వేడి సోడాకు, ఆవిరికి ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు మంచిది, కానీ నూనె, నెయ్యి తగిలితే ఉబ్బిపోతుంది. నేను చూపిన మూడో రింగు అదే, కొత్తదాని పక్కన పెడితే రెండూ ఒకే అచ్చులో పుట్టాయంటే నమ్మలేరు. నూనెకు ఎఫ్‌కేఎం, అంటే ఫ్లోరిన్ కలిసిన రబ్బరు నిలుస్తుంది, అయితే వేడి సోడాకూ ఆవిరికీ దానిలో అన్ని రకాలూ నిలవవు. సిలికోన్ మెత్తనిది, శుద్ధమైనది, కానీ పదే పదే ఆవిరి తగిలితే బలం పోగొట్టుకుంటుంది. పీటీఎఫ్ఈని, అంటే మనం టెఫ్లాన్ అనేదాన్ని, దాదాపు ఏ రసాయనమూ ముట్టదు, కాకపోతే అది ఒత్తిడికి మెల్లగా జరిగిపోతుంది, మళ్లీ పైకి లేవదు. అందుకే లోపల ఈపీడీఎం పెట్టి పైన పీటీఎఫ్ఈ తొడుగు వేస్తారు. పరవాడలో సాల్వెంట్లతో, అంటే కరిగించే ద్రవాలతో పనిచేసేవారు ఇది గుర్తుంచుకోవాలి: అసిటోన్‌కు ఈపీడీఎం ఆగుతుంది, ఎఫ్‌కేఎం పాడవుతుంది, టొలీన్‌కు సరిగ్గా తారుమారు. అందువల్ల పైపులో పారే పదార్థాన్ని ఒక్కటే చూసి ఎంచుకోకూడదు, ఆ పైపును దేనితో కడుగుతారో, ఎంత వేడితో స్టెరిలైజ్ చేస్తారో కూడా పక్కన రాసుకుని ఎంచుకోవాలి.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆహారానికి తగిన రబ్బరు అనడానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధన 177.2600, మందులకైతే దానితోపాటు యూఎస్‌పీ (అమెరికా ఔషధ ప్రమాణ గ్రంథం) క్లాస్ 6 పరీక్ష, సర్టిఫికెట్ మీద లాట్ నంబరు అడగండి. 2023 డిసెంబరులో ప్రకటించిన సవరించిన షెడ్యూల్ ఎం (మందుల తయారీ పద్ధతుల నిబంధనలు) తర్వాత మన దేశంలోనూ ఔషధ తయారీలో పరికరాల శుభ్రతకు, రికార్డులకు బరువు పెరిగింది. రబ్బరు షీటు కోయించి పని గడుపుకోవడం ఇక మానాలి. మన ఊరి ఎండాకాలంలో రేకుల కప్పు కింద మేకుకు వేలాడదీసిన గ్యాస్కెట్ లైనులోకి వెళ్లకముందే సాగి, గట్టిపడుతుంది. చీకటిగా, చల్లగా ఉన్నచోట, కవరు విప్పకుండా, పరిచి ఉంచండి.

ఇప్పుడు ఈ మూడు రింగులనూ వరుసల్లోకి పంపుతున్నాను. కంటితో చూడడం కంటే లోపలి అంచు వెంబడి గోరు పెట్టి నెమ్మదిగా తిప్పి చూడండి. కొత్తదాని మీద గోరు జారిపోతుంది. ఆవిరి లైనుదాని మీద రెండు చోట్ల ఆగుతుంది. ఆ ఆగిన చోటును పక్కవారికి కూడా చూపించండి.