మన బూత్‌లో ఎంతమంది ఓటేశారు: పోలింగ్ రోజు లెక్కపై ఫోన్-ఇన్

నిర్వాహకురాలు: శ్రోతలకు నమస్కారం. ఈ రోజు ఫోన్-ఇన్‌లో పోలింగ్ శాతం గురించి మాట్లాడుకుందాం. బూత్‌లో కూర్చుని లెక్క రాసుకునేవారికి, టీవీలో అంకెలు చూసి అనుమానపడేవారికి జవాబు చెప్పడానికి పోలింగ్ సిబ్బందికి శిక్షణ ఇచ్చే నిపుణులు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ దర్శి నుంచి. చెప్పండి.

శ్రోత (దర్శి): నమస్తే మేడమ్, నమస్తే సార్. ఈసారి నన్ను బూత్ ఏజెంటుగా పెడుతున్నారు. గంటగంటకీ ఎంత పోలైందో రాయమంటున్నారు. ఎలా రాయాలో ఎవరూ చెప్పలేదు సార్.

నిపుణులు: నమస్తే అండి. పొద్దున నుంచి మొదలుపెడదాం. పోలింగ్ ఏడింటికైతే మాక్ పోల్, అంటే యంత్రాన్ని పరీక్షించే ఉత్తుత్తి ఓటింగ్, దానికి గంటన్నర ముందు, అంటే ఐదున్నరకు. మిమ్మల్ని ఏజెంటుగా నియమించిన ఫారం 10 తీసుకుని అప్పటికే లోపల ఉండాలి మీరు. ఏజెంట్లు రాకపోతే పావుగంట చూసి బూత్‌కు పెద్ద అయిన ప్రిసైడింగ్ అధికారి మొదలుపెట్టేస్తారు. మాక్ పోల్‌లో నోటాతో కలిపి అన్ని గుర్తులకూ కనీసం 50 ఓట్లు వేస్తారు. తర్వాత ఓట్లు నమోదయ్యే కంట్రోల్ యూనిట్‌లో క్లోజ్, రిజల్ట్, క్లియర్, ఈ మూడు మీటలూ ఇదే వరసలో నొక్కాలి. క్లియర్ అయ్యాక టోటల్ నొక్కి సున్నా చూపించమనండి. ఈ సున్నా చూడకపోతే ఆ తర్వాత మీరు రాసే ఏ లెక్కకూ పునాది ఉండదు. వీవీప్యాట్, అంటే పడిన గుర్తును చీటీ మీద చూపే యంత్రం, దాని పెట్టెలో పడిన మాక్ పోల్ చీటీలన్నీ తీసి నల్ల కవరులో పెట్టి సీలు వేశారా అన్నదీ చూడండి. కంట్రోల్ యూనిట్, ఓటరు మీట నొక్కే బ్యాలెట్ యూనిట్, వీవీప్యాట్, మూడింటి నంబర్లూ మీ కాగితం మీద మొదటి వరసలోనే ఎక్కించుకోండి.

శ్రోత: సరే సార్. ఆ తర్వాత?

నిపుణులు: మొదటి పోలింగ్ అధికారి ఓటరు పేరు, వరస నంబరు పైకి చదువుతారు. మీ దగ్గరున్న జాబితాలో ఆ పేరు పక్కన పెన్సిల్‌తో గీత పెట్టండి. ఆడవాళ్లకు వేరే గుర్తు పెట్టుకుంటే సాయంత్రం మళ్లీ లెక్కపెట్టే పని తప్పుతుంది. రెండో అధికారి దగ్గర, వచ్చిన ఓటర్లను ఎక్కించే 17ఏ రిజిస్టరు ఉంటుంది. సిరా చుక్క పెట్టి, సంతకమో వేలిముద్రో తీసుకుని వరస నంబరు వేస్తారు. గంట కాగానే 17ఏలో చివరి నంబరు ఎంతో అడిగి, మీ గీతలతో సరిపోల్చండి. ఒకటి రెండు తేడా వస్తే అప్పుడే వెనక్కి వెళ్లి చూడాలి. మధ్యాహ్నం దాకా ఆగితే ఆ తేడా ఎక్కడ మొదలైందో దొరకదు.

ఇక శాతం. మీ బూత్‌లో 1,140 మంది ఓటర్లు, 11 గంటలకు 17ఏలో చివరి నంబరు 318 అనుకోండి. 318ని 100తో గుణించి 1,140తో భాగిస్తే 27.9 వస్తుంది. కాగితం మీద 318ని కూడా రాయండి. శాతం ఒక్కటే రాస్తే రేపు దాన్ని సరిచూడటానికి దారి ఉండదు.

ఇంకొక మాట. ఫలానా నంబరు వాళ్లు ఓటేశారు, ఫలానా వాళ్లు ఇంకా రాలేదు అని చీటీలు రాసి బయటికి పంపకూడదు. ఇది చాలా చోట్ల జరుగుతోంది, కానీ నిషేధం. మీరు భోజనానికి వెళ్తే లోపలికొచ్చే రిలీఫ్ ఏజెంటుకు ఆ జాబితా అక్కడే అప్పగించండి. బయటికి తీసుకెళ్లకూడదు. ఫోను కూడా లోపలికి రానివ్వరు. అందుకని గడియారం పెట్టుకుని వెళ్లండి.

నిర్వాహకురాలు: తర్వాతి కాల్ హైదరాబాద్ నుంచి.

శ్రోత (దిల్‌సుఖ్‌నగర్): నమస్కారమండీ. నా ప్రశ్న 2024 ఎన్నికల గురించి. పోలింగ్ రోజు సాయంత్రం ఆంధ్రప్రదేశ్‌లో 68 శాతం అన్నారు. తర్వాత 81 దాటింది. పదమూడు శాతం రాత్రికి రాత్రి ఎలా పెరుగుతుంది?

నిపుణులు: మంచి ప్రశ్న. ఆ ప్రశ్న మే 13, 2024 రాత్రి నుంచీ వినపడుతోంది. దీనికి మూడు కారణాలున్నాయి, విడివిడిగా చూద్దాం.

మొదటిది వేగం. వీవీప్యాట్‌లో చీటీ ఏడు సెకన్లు కనబడుతుంది. పేరు వెతకడం, సిరా, సంతకం అన్నీ కలిపి బూత్‌లోంచి 45 సెకన్లకొక ఓటరు బయటికొస్తున్నారనుకోండి. గంటకు 80 మంది. ఏడు నుంచి ఆరు దాకా 11 గంటలకు 880 మంది. 1,100 ఓట్లున్న బూత్‌లో ఒక్క నిమిషం ఆగకుండా నడిస్తేనే 80 శాతం అవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ రోజు అసెంబ్లీకి, పార్లమెంటుకి కలిపి ఓటింగ్. ప్రతి ఓటరూ రెండు యంత్రాల దగ్గర ఆగాలి. పొద్దున యంత్రం మార్చడానికి ముప్పావుగంట పోయినా, 60 మంది సాయంత్రం క్యూలోకి జరుగుతారు. అందుకే కొన్ని చోట్ల అర్ధరాత్రి దాటాక కూడా ఓటింగ్ నడిచింది. ఆరింటికి గేటు లోపల ఉన్నవాళ్లందరికీ ఓటు హక్కు ఉంటుంది కాబట్టి ఆ ఓట్లన్నీ సాయంత్రం అంకెలో లేనివే.

రెండోది కబురు. సాయంత్రం మనం చూసేది రెండు గంటలకోసారి బూత్‌ల నుంచి వచ్చే అంచనా. అప్పట్లో ప్రిసైడింగ్ అధికారి, కొన్ని బూత్‌లను చూసే సెక్టార్ అధికారికి చెప్పడం, ఆయన పైకి చెప్పడం, అక్కడ ఎక్కించడం. ఏజెన్సీలో సిగ్నల్ లేని బూత్‌ల లెక్క సిబ్బంది తిరిగొచ్చాకే తెలుస్తుంది. 2025లో ఎన్నికల సంఘం పద్ధతి మార్చింది. ఇప్పుడు ప్రిసైడింగ్ అధికారే ఈసీఐనెట్ యాప్‌లో నేరుగా ఎక్కించాలి. పోలింగ్ ముగిశాక బూత్ వదలకముందే ఇంకోసారి ఎక్కించాలి. దీనివల్ల ఆలస్యం తగ్గుతుంది.

మూడోది పోస్టల్ ఓట్లు. చివరి అంకె 81.86 శాతంలో ఈవీఎంలలో పడింది 80.66, పోస్టల్ బ్యాలెట్లు 1.20.

శ్రోత: అంటే అనుమానం అక్కర్లేదంటారా?

నిపుణులు: అనుమానం ఉండొచ్చు. దాన్ని సరైన కాగితం మీద పెట్టండి అంటున్నాను. టీవీ శాతం అంచనా. బూత్‌లో పడిన ఓట్లకు ప్రిసైడింగ్ అధికారి సంతకంతో ఉన్న లెక్క ఫారం 17సీ. బూత్‌లో చివరిదాకా ఉన్న ప్రతి ఏజెంటుకూ దాని నకలు ఇవ్వాలని 1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49ఎస్ చెబుతోంది. మీ నియోజకవర్గంలో ఆ నకళ్లన్నీ కూడితే రావాల్సిన మొత్తం వస్తుందా లేదా అన్నది ఏ పార్టీ అయినా, ఏ అభ్యర్థి అయినా రాత్రికి రాత్రే చూసుకోవచ్చు. ఏజెంట్లు ఐదింటికే ఇంటికెళ్లిపోతే నకలు చేతికి రాదు. నాకు బాధ కలిగించేది ఈ సంగతే.

నిర్వాహకురాలు: 17సీ గురించే నెల్లూరు జిల్లా నుంచి ఒకరు లైన్లో ఉన్నారు.

శ్రోత (కావలి): సార్, పోయినసారి మా బూత్‌లో రిజిస్టరులో 912, మెషిన్‌లో 911 వచ్చింది. అరగంట గొడవైంది. చివరికి ఏం రాశారో మాకు అర్థం కాలేదు.

నిపుణులు: ఒక్క ఓటు తేడా చాలా చోట్ల వస్తుందండి, దానికి సమాధానం ఫారంలోనే ఉంటుంది. 17సీ మొదటి భాగంలో ఒకటో వరస బూత్ మొత్తం ఓటర్లు. రెండోది 17ఏ ప్రకారం వచ్చినవాళ్లు. మూడోది సంతకం పెట్టి కూడా ఓటు వేయనన్నవాళ్లు, ఇది 49ఓ నియమం. నాలుగోది రహస్యం పాటించనందుకు ప్రిసైడింగ్ అధికారి ఓటు వేయనివ్వనివాళ్లు, 49ఎం. ఐదోది టెస్ట్ ఓట్లు, వాటి సంగతి తర్వాత చెప్తాను. ఆరోది మెషిన్‌లో మొత్తం. రెండులోంచి మూడు, నాలుగు తీసేస్తే ఆరు రావాలి. మీ బూత్‌లో ఒకాయన సంతకం పెట్టి ఓటు వేయకుండా వెళ్లిపోయి ఉంటే 912లోంచి 1 తీస్తే 911. లెక్క సరిపోయినట్టే. కానీ ఆ మాట 17ఏలో ఆయన వరసకెదురుగా రిమార్కు గడిలో రాసి ఉండాలి. రిమార్కు లేకుండా మూడో వరసలో 1 వేస్తే, అది లెక్క కుదర్చడానికి వేసిన అంకె అవుతుంది. అప్పుడు మీరు ఆ వరస చూపించమని అడగాలి.

శ్రోత: తేడా యాభై వస్తే?

నిపుణులు: మెషిన్‌లో సరిగ్గా యాభయ్యో, మాక్ పోల్‌లో మీరు వేసినన్నో ఎక్కువ వస్తే, పొద్దున క్లియర్ నొక్కలేదని అర్థం. అందుకే సున్నా చూడమన్నాను. మెషిన్‌లో ఒకటి రెండు ఎక్కువైతే రిజిస్టరులో ఎక్కించకుండానే ఎవరినో పంపారు, లేదా నంబరు రెండుసార్లు పడింది. మార్క్‌డ్ కాపీలో, అంటే ఓటేసినవాళ్లకు అధికారి గుర్తు పెట్టే జాబితాలో, గీతలు లెక్కపెడితే ఈ రెండిట్లో ఏదో తెలుస్తుంది.

రెండు విషయాలు కలపకండి. తన పేరు మీద ఎవరో ముందే ఓటేసి వెళ్లిపోతే, అసలు ఓటరుకు టెండర్ బ్యాలెట్ కాగితం ఇస్తారు. అది 17బీ అనే వేరే జాబితాలో ఎక్కుతుంది, మెషిన్‌లో పడదు, కాబట్టి ఈ తేడాకు అది కారణం కాదు. టెస్ట్ ఓటు అలా కాదు. వీవీప్యాట్‌లో వేరే గుర్తు వచ్చిందని ఓటరు రాతపూర్వకంగా చెప్తే 49ఎంఏ కింద ఏజెంట్ల ఎదుట మళ్లీ వేయిస్తారు. అది 17ఏలో రెండోసారి ఎక్కుతుంది, మెషిన్‌లోనూ పడుతుంది. ఫిర్యాదు తప్పని తేలితే ఏ అభ్యర్థికి పడిందో ఐదో వరసలో రాసి, లెక్కింపు రోజు తీసేస్తారు. ఫిర్యాదు నిజమైతే ఆ మెషిన్‌లో పోలింగ్ ఆపేయాలి.

నకలు తీసుకునేటప్పుడు కంట్రోల్ యూనిట్ నంబరు సరిగా పడిందో లేదో చూడండి. లెక్కింపు బల్ల మీదికి వచ్చిన యంత్రం అదేనా అని సరిచూసేది దాంతోనే.

నిర్వాహకురాలు: జగిత్యాల జిల్లా నుంచి కాల్. చెప్పండి అన్నా.

శ్రోత (మెట్‌పల్లి దగ్గర): మేడమ్, మాకు సర్పంచ్ ఎలక్షన్లకు మెషిన్ ఉండదు గదా. పేపర్ల లెక్క ఎట్ల చూసుకోవాలె?

నిపుణులు: తెలంగాణ పంచాయతీలకు బ్యాలెట్ పెట్టే. ఓటింగ్ ఏడు నుంచి ఒంటిగంట దాకా, రెండింటి నుంచి అక్కడే లెక్కింపు. సర్పంచ్‌కు గులాబీ రంగు కాగితం, వార్డు సభ్యుడికి తెల్లది. పొద్దున కట్టలో మొదటి నంబరు, చివరి నంబరు రాసుకోండి. ఒంటిగంటకు మిగిలిన కట్టలో మొదటి నంబరు చూడండి. ఆ రెండింటి మధ్య పోయినవాటిలోంచి పాడై రద్దు చేసినవి తీసేస్తే పెట్టెలో ఉండాల్సినన్ని వస్తాయి. గులాబీవి, తెల్లవి ఒకట్రెండు తేడా ఉంటే భయపడొద్దు. కొందరు ఒక కాగితం వేయకుండా జేబులో పెట్టుకుపోతారు. పది తేడా వస్తే మాత్రం తెరవకముందే అడగండి.

నిర్వాహకురాలు: విజయవాడ నుంచి, వార్తలు రాసేవారట.

శ్రోత (విజయవాడ): నమస్తే. మండలంలో బూత్‌ల శాతాలు తీసుకుని సగటు వేస్తే చాలా? అలాగే హైదరాబాద్ 48.48, భువనగిరి 76.78 అని 2024 లోక్‌సభ అంకెలు పక్కపక్కన రాస్తుంటాం. పట్నం వాళ్లు ఓటేయరు అనడం న్యాయమేనా?

నిపుణులు: సగటు వేయకండి. 300 ఓట్ల బూత్‌లో 270 పడితే 90 శాతం. 1,200 ఓట్ల బూత్‌లో 600 పడితే 50. సగటు 70 వస్తుంది. నిజానికి 1,500లో 870, అంటే 58. పడిన ఓట్లు కూడి, ఓటర్లు కూడి, అప్పుడు భాగించాలి.

రెండో ప్రశ్నకు, భాగించేటప్పుడు కింద ఉన్న అంకె, అంటే జాబితాలోని మొత్తం ఓటర్లు, చూడాలండి. ఇల్లు మారినవాళ్లు, చనిపోయినవాళ్లు జాబితాలో ఉండిపోతే శాతం దానంతటదే పడిపోతుంది. అద్దె ఇళ్లు ఎక్కువున్న పేటల్లో ఇది ఎక్కువ. హైదరాబాద్‌లో ఓటుండి ఊళ్లోనూ ఓటుంచుకున్నవాళ్లు రెండు చోట్లా ఓటర్ల లెక్కలోకి వస్తారు, ఒకచోటే పడిన ఓట్ల లెక్కలోకి వస్తారు. బూత్ స్థాయి అధికారి (బీఎల్‌ఓ) తయారుచేసే ఏఎస్‌డీ జాబితా, అంటే లేనివాళ్లు, మారినవాళ్లు, చనిపోయినవాళ్ల జాబితా ప్రిసైడింగ్ అధికారి దగ్గర ఉంటుంది. బూత్‌కు అందులో ఎంతమందో తెలిస్తే మీ వార్తకు బలం వస్తుంది. అలాగని పట్నంలో ఓటేయకుండా ఇంట్లో ఉన్నవాళ్లు లేరనీ రాయకండి, ఉన్నారు. ఎంతమంది అన్నది జాబితా శుభ్రమైతేనే తెలుస్తుంది. ఇల్లు మారితే ఫారం 8, చనిపోయినవారికి ఫారం 7.

ఇంకో రెండు చోట్ల లెక్క కదులుతుంది. 85 దాటినవాళ్లు ఇంటి దగ్గరే ఓటేస్తే మార్క్‌డ్ కాపీలో పీబీ (పోస్టల్ బ్యాలెట్) అని ఉంటుంది, వాళ్లు బూత్ ఓటర్లలో ఉంటారు గానీ మెషిన్‌లో ఉండరు. ఎన్నికల డ్యూటీ ధ్రువపత్రంతో వచ్చే సిబ్బంది ఓటు మెషిన్‌లో పడుతుంది, వాళ్ల పేరు ఆ బూత్ జాబితాలో ఉండదు. చిన్న బూత్‌లో శాతం వింతగా వస్తే ముందు ఈ రెండూ చూడండి.

నిర్వాహకురాలు: సమయం దగ్గర పడింది. దర్శి నుంచి మొదట మాట్లాడినవారే మళ్లీ లైన్లోకి వచ్చారు.

శ్రోత (దర్శి): ఒక్క మాట సార్. ఆరు దాటాక ఎవరో వెనకనుంచి వచ్చి క్యూలో కలిశారంటే ఎలా పట్టుకోవాలి?

నిపుణులు: ఆరు కాగానే ప్రిసైడింగ్ అధికారి సంతకం చేసిన చీటీలు పంచుతారు. క్యూలో అందరికంటే వెనక నిలబడ్డవారికి ఒకటో నంబరు, అక్కణ్ణుంచి ముందుకు. తోక దగ్గర మొదలుపెట్టడం అందుకే, ఆ తర్వాత వెనక ఎవరు చేరినా చేతిలో చీటీ ఉండదు. ఆ సమయానికి 17ఏలో చివరి నంబరు, పంచిన చీటీల్లో పెద్ద నంబరు, రెండూ రాసుకోండి. 17ఏలో 803, చీటీలు 96 అనుకోండి. టెస్ట్ ఓటు లేకపోతే రాత్రి చివరి నంబరు 899 దాటకూడదు. కొందరు విసిగి వెళ్లిపోతారు, తగ్గొచ్చు. 899 దాటితే క్లోజ్ మీట నొక్కకముందే అడగండి, నొక్కాక ఆ మెషిన్‌లో ఓటు పడదు. అడిగినట్టు ప్రిసైడింగ్ అధికారి డైరీలో రాయించండి.

శ్రోత: ఎనిమిది వందల మూడు, తొంభై ఆరు. రాసుకున్నా సార్.

నిర్వాహకురాలు: వచ్చే వారం ఇదే సమయానికి ఓటరు జాబితా సవరణల మీద కాల్స్ తీసుకుంటాం. నమస్కారం.