మన ఊరు ఎప్పుడు హైదరాబాదులో కలిసింది?

(మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక ప్రసంగం పెట్టడమంటే వక్త మీద పగ తీర్చుకోవడమే. అందుకే నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను. ఎదుటివాడి తప్పు వింటున్నప్పుడు ఎవరికీ కునుకు పట్టదు.

నాది కోయిలకొండ మండలంలో ఒక చిన్న ఊరు. ఈ పట్టణంలోనే డిగ్రీ చదివి, 2006లో హైదరాబాదు చేరాను. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఒక గదిలో ఆరుగురం ఉండేవాళ్లం. అప్పట్లో ఆర్కుట్ అని, ఫేస్‌బుక్ లాంటిది ఒకటి ఉండేది. 2004లో పుట్టి 2014లో మూతపడింది కాబట్టి మీకు దాని మొహం తెలియదు. నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి, అందులో నా పేజీ తయారు చేసుకున్నాను. సొంత ఊరు ఏదని అడిగిన చోట 'హైదరాబాద్' అని కొట్టాను. చెయ్యి కూడా వణకలేదు.

పదో తరగతి దాకా నా పక్కనే కూర్చున్న స్నేహితుడొకడు ఊళ్లోనే ఉండిపోయాడు. ఏదో పని మీద ఇక్కడికి వచ్చినప్పుడు నెట్ సెంటర్‌కు వెళ్లి నా పేరు వెతికాడు. నా పేజీలో, వచ్చేపోయేవాళ్లందరికీ కనిపించే చోట, ఒక్క వాక్యం రాసి వెళ్లాడు: "ఒరేయ్, మన ఊరు ఎప్పుడు హైదరాబాదులో కలిసిందిరా?"

నేను ఆ వాక్యాన్ని చెరిపేశాను. అంతటితో ఆగకుండా స్నేహితుల జాబితాలోంచి వాడినీ తీసేశాను. వాడు ఆ సంగతి ఇప్పటి దాకా ఎత్తలేదు. మా చెల్లెలి పెళ్లికి రెండు రోజుల ముందే వచ్చి, పందిరి గుంజలు పాతించి, వంటవాళ్లకు సామాను లెక్క చూసి ఇచ్చి, అందరూ తిన్నాక తిన్నాడు. ఒక్కసారి నిలదీసి తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

నేను ఆ అబద్ధం లాభం కోసం ఆడలేదు. 'హైదరాబాద్' అని రాస్తే ఎవరూ నాకు పైసా ఇవ్వలేదు. నాది సిగ్గు. హాస్టల్లో ఎవరైనా 'ఏ జిల్లా?' అని అడిగితే, పాలమూరు అన్న వెంటనే వాళ్ల నోట వచ్చే రెండో మాట 'లేబర్'. కూలీలను పనులకు తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలి, ముంబై బస్సో పుణే బస్సో ఎక్కిన జిల్లా మనది. దేశంలో ఎన్నో ఆనకట్టల గోడల్లో మన వాళ్ల చెమట ఉంది. మా నాన్న కూడా పుణేలో రెండేళ్లు తట్ట మోశాడు. దానికి గర్వపడాలని ఇప్పుడు వేదిక ఎక్కి చెప్పడం తేలిక. ఇరవై రెండేళ్ల వయసులో, కొత్త చొక్కా వేసుకుని ఇంటర్వ్యూలకు తిరిగే రోజుల్లో, నాకు ఆ గర్వం రాలేదు.

ఇంటర్నెట్‌లో రెండు రకాల అబద్ధాలు నడుస్తుంటాయి. మొదటి రకం డబ్బు గుంజడానికి. ఇంకొకరి పేరు, ఫొటో పెట్టుకుని మోసం చేసేవాళ్ల కోసం సమాచార సాంకేతిక చట్టం 2000లో 66డి సెక్షన్ ఉంది. నేరం రుజువైతే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడతాయి. అలాంటివాడి చేతిలో డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. వాళ్ల సంగతి పోలీసులు చూసుకుంటారు. నాకు మాట్లాడాలని ఉన్నది రెండో రకం గురించి, అంటే సిగ్గు వల్ల పుట్టే అబద్ధాల గురించి. ఈ హాలులో మొదటి రకం వాళ్లు ఉండరు. రెండో రకానికి వస్తే, చేతులు ఎత్తమని మాత్రం అడగను.

సిగ్గుపడాల్సిన స్థితిలోకి నెట్టినప్పుడు ఏం చేయాలో ఈ ప్రాంతం వాడే ఒకాయన చేసి చూపించాడు. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరని ఎవరో ఎద్దేవా చేశారు. గద్వాల ప్రాంతపు సురవరం ప్రతాపరెడ్డి గారు అప్పటికే 1926 నుంచి గోలకొండ పత్రిక నడుపుతున్నారు. ఆ మాటకు ఆయన ఊళ్ల నుంచి పద్యాలు తెప్పించి, కవుల వివరాలు సేకరించి, 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. అందులో 354 మంది కవులున్నారు. 'మా దగ్గర మహాకవులు ఉన్నారు' అని గొప్పలు పోలేదు. ఇదిగో మనిషి, ఇదిగో పద్యం, కావాలంటే చూసుకోండి అన్నారు. నా పేజీలో 'హైదరాబాద్' అని కొట్టిన నాటికి ఆ పుస్తకం నాకు తెలుసు. పోటీ పరీక్షకు బట్టీ పట్టాను కూడా.

ఇప్పుడు నా ఉద్యోగం సంగతి. హైదరాబాదులో లెక్కల సాఫ్ట్‌వేర్ తయారు చేసే ఒక చిన్న సంస్థలో పని చేస్తాను. ఏటా కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు దరఖాస్తులు మొదట నా బల్ల మీదికే వస్తాయి. ఈ మధ్య చాట్‌జీపీటీ వచ్చాక చదివే శ్రమ బాగా తగ్గింది, ఎందుకంటే అందరూ ఒకటే రాస్తున్నారు. పోయినసారి మూడు దరఖాస్తుల్లో 'చిన్ననాటి నుంచి సాంకేతికత పట్ల అపారమైన మక్కువ' అన్న మాట అక్షరం పొల్లు పోకుండా కనిపించింది. మూడోదాంట్లో ఇంకాస్త కింద 'ఇక్కడ మీ కళాశాల పేరు రాయండి' అని కూడా ఉంది. ఆ అబ్బాయి రాయడం మరిచిపోయాడు. నవ్వకండి, మీలో ఎవరైనా కావచ్చు. భాష దిద్దించుకోవడానికి ఆ యంత్రం వాడితే నాకేమీ అభ్యంతరం లేదు. మనం కూడా ఎవరో మాస్టారుతో దిద్దించుకున్నవాళ్లమే. కానీ దిద్దించుకోవడానికైనా ముందు మనదంటూ ఒక వాక్యం ఉండాలి కదా.

ఆ కట్టలోనే మక్తల్ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి దరఖాస్తు ఉంది. ఒకటే పేజీ. ఏమేమి వచ్చు అన్న చోట ఇలా రాసింది: 'ఎక్సెల్‌లో వీలుకప్, పివట్ టేబుల్ చేయగలను. మాక్రోలు రావు.' నా కన్ను ఆ 'రావు' దగ్గర ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఏదైనా తనకు రాదని రాసిన దరఖాస్తు నేను చూడలేదు. అందరికీ అన్నీ వచ్చు. ఫోన్‌లో పలకరించాను. "రావని ఎందుకు రాశావమ్మా?" అని అడిగితే, "మీరు అడిగితే చెప్పాల్సిందే కదా సార్, ముందే రాశాను" అంది. ఆ మాట రాసినందుకే ఉద్యోగం ఇచ్చామనుకోకండి, పరీక్ష పెట్టాం. కానీ వచ్చని రాసిన రెండింటినీ నేను మళ్లీ పరీక్షించలేదు. 'రావు' అన్న ఒక్క మాట, పైన ఉన్న 'చేయగలను'కు పూచీ పడింది.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. పాతకాలంలో ఒకచోట అతికితే సరిపోయేది, ఇప్పుడు పదిచోట్ల అతకాలి. లింక్డ్‌ఇన్‌లో ఒక తేదీ, దరఖాస్తులో ఇంకో తేదీ ఉంటే పక్కపక్కన పెట్టి చూస్తారు. ఉద్యోగంలో చేరి పీఎఫ్ మొదలైతే పన్నెండు అంకెల యూఏఎన్ ఒకటి వస్తుంది. ఏ సంస్థలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో ఆ నంబరు కింద నమోదవుతూ పోతుంది. ఆరు నెలల ఉద్యోగాన్ని ఏడాదిన్నర అని రాసినవాళ్లు అక్కడే దొరికిపోతున్నారు. చదువు మధ్యలో ఏడాది ఆగిందా? సాగదీసి కప్పిపుచ్చే బదులు ఒక్క ముక్క రాయండి: 'ఇంటి అవసరం వల్ల పనికి వెళ్లాను.' అక్కడ కూలీల హాజరు రాసి ఉంటే అదీ రాయండి. అది లెక్కల పనే.

ఫొటోల సంగతి చెప్పకపోతే మీరు వదలరు. మా కాలంలో ఇక్కడి స్టూడియోల్లో ఒక నల్ల కోటు, ముడి వేసి ఉంచిన టై ఒకటి ఉండేవి. మా క్లాసులో సగం మంది దరఖాస్తు ఫొటోల్లో అదే కోటు. నాకు చేతులు వేళ్ల దాకా వచ్చాయి. అదృష్టవశాత్తు ఫొటో ఛాతీ దాకానే. ఆ కోటు మోసమా? నా లెక్కలో కాదు. అది స్టూడియో కోటని చూసేవాడికీ తెలుసు. అదే మొహం రంగు మార్చి, ముక్కు సన్నం చేసే ఫిల్టర్ సంగతి వేరు. అది ఉందని ఎదుటివాళ్లకు తెలియకూడదనే దాన్ని పెడతాం. పెళ్లి సంబంధాలకు అలాంటి ఫొటోలు పంపి, పెళ్లిచూపుల నాడు రెండు కుటుంబాలూ నేల చూపులు చూడటం నాకు తెలుసు.

మన పిల్లలమర్రి ముందు నిలబడి ఫొటో దిగనివాళ్లు ఈ హాలులో ఉంటారా? ఏడు వందల ఏళ్ల చెట్టని చెప్పుకుంటాం. లోపల చెదలు తింటున్న కాలంలో కూడా మన ఫొటోల్లో అది పచ్చగానే ఉంది. కొమ్మ విరిగిపడ్డాక, 2018లో దానికి మందు నింపిన సెలైన్ సీసాలు వేలాడదీశారు. దేశమంతా తిరిగిన ఫొటోలు అవే.

నిజాయితీ అన్నాను కదా అని రేపటి నుంచి ఇంట్లో సంగతులన్నీ తెచ్చి గోడ మీద పెట్టకండి. ఇంటి గుట్టు లంకకు చేటు. మీ నాన్నగారి అప్పు, మీ అక్క కాపురం, మీ ఫోన్ నంబరు ఎవరికీ చెప్పనక్కర్లేదు. చెప్పకపోవడానికీ అబద్ధం చెప్పడానికీ చాలా దూరం ఉంది. మారుపేరు పెట్టుకుని కవిత్వం రాసుకుంటారా, రాసుకోండి. సురవరం వారే ఎన్నో కలం పేర్లతో రాశారు. ఆడపిల్లలకైతే ఒక్కోసారి మారుపేరే రక్షణ. కలం పేరు వెనక ఉన్న మనిషి తన పనినే తనదని చెప్పుకుంటున్నంత వరకు నాకు పేచీ లేదు. నారాయణపేట చీరలు అమ్ముతూ, ఎక్కడో మరమగ్గం మీద తయారైనదాన్ని 'మా ఇంటి మగ్గం మీద నేసింది' అని రాసేవాళ్లతోనే నా పేచీ. ఆ ఒక్క వాక్యం నిజంగా మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నవాడి కూలికి ఎసరు పెడుతుంది.

నా పేజీలో ఇప్పుడు కోయిలకొండ అనే ఉంది. మార్చింది ఏ మహత్తర ఘడియలోనో కాదు, ఆర్కుట్ మూతపడి కొత్తచోట వివరాలు నింపాల్సి వచ్చినప్పుడు. నా స్నేహితుడు దాన్ని చూశాడో లేదో తెలియదు. మొన్న దసరాకు వెళ్లినప్పుడు చెబుదామనుకున్నాను. వాడు పత్తి ధర గురించి మొదలుపెట్టాడు, నేను కూడా పత్తి ధర గురించే మాట్లాడి వచ్చేశాను.

సరే, ఇంకో పావుగంట ఉందంటున్నారు. ఫోన్లు జేబులో పెట్టుకోమని చెప్పి ఉంటారు, ఇప్పుడు తీయండి. మీ గురించి మీరు రాసుకున్న మొదటి రెండు వాక్యాలు పక్కవాళ్లకు గట్టిగా చదివి వినిపించండి. ముందు వరుస నుంచి మొదలుపెడదాం. ఆ పచ్చ చున్నీ అమ్మా, మీరే చదవండి.