ముడి చమురు లేకుండా ప్లాస్టిక్: ఆల్కహాల్ ఎక్కడిది?

యాంకర్: నమస్కారం. పెట్రోకెమికల్స్‌కి ప్రత్యామ్నాయం ఉందా? స్టూడియోలో ఓ కెమికల్ ఇంజనీరు, ఓ రైతు సంఘం నాయకుడు ఉన్నారు. ఇంజనీరుగారూ, ముడి చమురు బదులు ఆల్కహాల్‌తో ప్లాస్టిక్ చేయడమన్నది ఇంకా ల్యాబ్ దశలోనే ఉందంటారు కదా?

ఇంజనీరు: ల్యాబ్ ఏమిటండీ! ఉత్తరాఖండ్‌ కాశీపూర్‌లో ఇండియా గ్లైకాల్స్ 1989 నుంచే మొలాసిస్ (చక్కెర తీశాక మిగిలే మడ్డి) ఆల్కహాల్‌తో గ్లైకాల్ చేస్తోంది. పాలిస్టర్ బట్టకీ, వాటర్ బాటిల్‌కీ కావాల్సిన సరుకే అది. బ్రెజిల్‌లో బ్రాస్కెమ్ 2010లో చెరకు ఆల్కహాల్‌తో ఏడాదికి 2 లక్షల టన్నుల ఇథిలీన్ ప్లాంటు పెట్టింది. ఇథిలీన్ అంటే పాలిథీన్‌కి ముడిసరుకైన గ్యాస్.

యాంకర్: అది ఎలా సాధ్యం?

ఇంజనీరు: మామూలుగా ముడి చమురు నుంచి వచ్చే నాఫ్తాను 850 డిగ్రీల దగ్గర విరగ్గొడితే ఇథిలీన్ వస్తుంది. ఆ ఫర్నేస్ మంటతోనే బోలెడు కార్బన్. ఆల్కహాల్‌నైతే 300-450 డిగ్రీల దగ్గర అల్యూమినా అనే ఉత్ప్రేరకం మీదుగా పంపితే చాలు, నీరు విడిపోయి ఇథిలీన్ మిగులుతుంది. కాకపోతే టన్ను ఇథిలీన్‌కి దాదాపు 1.7 టన్నుల ఆల్కహాల్ కావాలి.

నాయకుడు: ఆ ఆల్కహాల్ ఎక్కడిది సార్? పెట్రోల్లోనే 20 శాతం కలుపుతున్నారు. చెరకు చాలక మొక్కజొన్న, నూకలు వాడుతున్నారు. 2024లో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్, అంటే ఈ ఆల్కహాలే, దాని ఫ్యాక్టరీ వద్దని జనం రోడ్డెక్కారు.

యాంకర్: అంటే మీరు వద్దంటారా?

నాయకుడు: వద్దనను. మొక్కజొన్నకు రేటొస్తే మాకు మంచిదే, దాణా ఖరీదైందని కోళ్లఫారాల వాళ్లు గోలపెడతారనుకోండి. అసలు వరిగడ్డి కొనండి. తగలబెట్టే బాధ తప్పుతుంది.

ఇంజనీరు: పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ ప్లాంటు అందుకే పెట్టారు, 2022లో. ఏటా 2 లక్షల టన్నుల గడ్డితో 3 కోట్ల లీటర్ల ఆల్కహాల్ తీయాలన్నది లక్ష్యం. అదంతా ఇథిలీన్‌గా మార్చినా 14 వేల టన్నులే అవుతుంది. నాఫ్తాను విరగ్గొట్టే పెద్ద ప్లాంటు, అంటే క్రాకర్, ఒక్కటే ఏడాదికి 10 లక్షల టన్నులు తీస్తుంది!

యాంకర్: మరి ఆ క్రాకర్లనే మార్చలేమా?

ఇంజనీరు: ఫర్నేస్‌ని కరెంటుతో వేడిచేయొచ్చు. జర్మనీ లుడ్విగ్స్‌హాఫెన్‌లో బీఏఎస్‌ఎఫ్, సాబిక్, లిండే కంపెనీలు కలిసి 2024లో 6 మెగావాట్ల డెమో ప్లాంటు మొదలుపెట్టాయి. ముడిసరుకు మాత్రం పాతదే. బొగ్గు కరెంటు వాడితే పొగ ఇక్కడ తగ్గి అక్కడ పెరుగుతుంది, అంతే.

యాంకర్: చెరకు ప్లాస్టిక్ మట్టిలో కలిసిపోతుందా?

ఇంజనీరు: లేదండీ. బ్రాస్కెమ్‌దీ పాలిథీనే. కాలువలో పడితే అలాగే ఉంటుంది.

నాయకుడు: మరి ఆ ముక్క కవరు మీద పెద్దక్షరాలతో వేయమనండి!

యాంకర్: దాని మీదే మాట్లాడదాం, చిన్న బ్రేక్ తర్వాత.