బరువు మిషన్ పక్కన టేపు కూడా ఉండాలి

శ్రోతలకు నమస్కారం. దగ్గర్లో కాగితం, పెన్ను ఉంటే తీసుకోండి, చిన్న లెక్క వేద్దాం. మీ బరువును కిలోల్లో రాసి, మీటర్లలో ఉన్న మీ ఎత్తుతో భాగించండి. వచ్చినదాన్ని మళ్లీ అదే ఎత్తుతో భాగించండి. అయిదడుగుల మూడంగుళాలంటే 1.6 మీటర్లు. ఆ ఎత్తుకు 64 కిలోలున్నవారికి మొదటిసారి 40, రెండోసారి 25 వస్తుంది. ఆ 25నే బాడీ మాస్ ఇండెక్స్, బీఎంఐ అంటారు.

చాలామంది ఎత్తు దగ్గరే పొరబడతారు. ఎప్పుడో కాలేజీలో కొలిపించుకున్న ఎత్తే చెబుతారు. వయసు పైబడ్డాక ఎత్తు తగ్గుతుంది. ఒక్క అంగుళం తగ్గినా ఇందాకటి 25 దాదాపు 26 అవుతుంది. చెప్పులు విప్పి, మడమలు గోడకు ఆనించి మళ్లీ కొలిపించుకోండి.

ప్రపంచమంతా వాడే పట్టికలో 25 లోపు మామూలే. భారతీయులకు మన వైద్యులు వాడే గీత వేరు: 18.5 నుంచి 22.9 దాకా సరైన బరువు, 23 దాటితే అధిక బరువు, 25 నుంచే ఊబకాయం. అదే బీఎంఐ ఉన్న యూరప్ వాళ్లకంటే మన ఒంట్లో కొవ్వు ఎక్కువ, అదీ పొట్ట లోపల పేరుకుంటుంది. షుగరు త్వరగా రావడానికి అదొక ముఖ్య కారణం.

ఈ సూత్రాన్ని 1830లలో కనిపెట్టింది బెల్జియం గణిత శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే. ఆయన లెక్క జనాభా సగటు కోసం, రోగి కోసం కాదు. ఆ బరువులో కండ ఎంతో, కొవ్వు ఎంతో ఈ అంకె చెప్పలేదు. గర్భిణులకు ఇది వర్తించదు, పిల్లలకు వేరే చార్టులున్నాయి. సన్నటి చేతులు, ముందుకొచ్చిన బొజ్జ ఉన్నవారికి బీఎంఐ 22 వచ్చినా సంబరపడాల్సిన పనిలేదు.

అందుకే టేపు. ప్యాంటు సైజు చెబితే కుదరదు, దాన్ని బొజ్జ కిందకు దించి కట్టుకుంటాం కదా! చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యన టేపు చుట్టాలి. బిగించకూడదు, పొట్ట లోపలికి లాక్కోకూడదు. మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదు.

ఇక వంటింటికి వద్దాం. నలుగురున్న ఇంట్లో అయిదు లీటర్ల నూనె డబ్బా నెలకే ఖాళీ అవుతుంటే, మనిషికి రోజుకు 40 మిల్లీలీటర్లకు పైనే పడుతోంది, అంటే సుమారు 340 క్యాలరీలు. అదే మూడు లీటర్లతో సరిపెడితే మనిషికి రోజుకు 135 దాకా ఆదా. దాని బదులు ఇంకేమీ తినకపోతే నెలకు దాదాపు అరకిలో కొవ్వు తగ్గుతుంది. కూరకు నూనె వంపేటప్పుడు చేతి అంచనా నమ్మకండి, స్పూనుతో కొలవండి.

రాత్రి అన్నం మానేసి చపాతీలు తినేవారు చాలామంది. ఒక కప్పు అన్నం సుమారు 200 క్యాలరీలు. నూనె రాసి కాల్చిన మూడు చపాతీలు 300 దాటతాయి. తగ్గాల్సింది పరిమాణం. కంచంలో సగం కూరగాయలు, పావు వంతు పప్పో గుడ్డో చేపో, మిగిలిన పావులోనే అన్నం.

వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవండి. అదొక్కటే చాలదు, రెండు రోజులు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి తోయడం లాంటివి చేయండి. తిండి తగ్గించినప్పుడు కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. దాన్ని కాపాడేవి ఈ కసరత్తులూ, పప్పు, గుడ్డు లాంటివీ.

బరువు వారానికోసారి చాలు. ఉదయం మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, మిషన్‌ను చాప మీద కాకుండా గట్టి నేల మీద పెట్టి చూడండి. నిన్నటి ఆవకాయ ఉప్పుకు ఒంట్లో నీరు నిలిచినా ముల్లు కిలో జరుగుతుంది. తిండి బాగా తగ్గించిన తొలి వారంలో పోయే రెండు, మూడు కిలోల్లోనూ ఎక్కువ భాగం నీరే. ఆ తర్వాత వారానికి అరకిలో తగ్గితే బాగా తగ్గుతున్నట్టే.

ఏ ప్రయత్నమూ లేకుండానే 64 కిలోల మనిషి ఆరు నెలల్లో మూడు కిలోలకు పైగా తగ్గితే మాత్రం మెచ్చుకోవద్దు. షుగరు, థైరాయిడ్, క్షయ పరీక్షల కోసం డాక్టరు దగ్గరకు పంపండి.